నొప్పి అనే కావలివాడు

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా వైద్య పరిచర్య కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "స్పర్శను, నొప్పిని మన శరీరము ఎట్లు గ్రహిస్తుంది" అనేది. నేను వైద్యురాలిని కాను. నర్సింగు విద్యార్థినులకు శరీరధర్మశాస్త్రము చెప్పే ఉపాధ్యాయురాలిని. కనుక ఏ బాధకు ఏ మాత్ర మంచిదో చెప్పబోను. శరీరములో ఏమి జరుగుతున్నదో, అది తెలుసుకుంటే మన యిండ్లలోను, ఈ మందిరములోను ఏమి మారవలసియున్నదో మాత్రము చెబుతాను.

మన ప్రార్థన కూటములలో వచ్చే విన్నపములను ఒకసారి జ్ఞాపకము చేసుకొనండి. మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి, తలనొప్పి, ఆపరేషను తరువాతి నొప్పి. "నొప్పి తీసివేయుము" అని అడుగుతాము. బాధపడేవారు అట్లు అడగటము న్యాయమే. కాని నొప్పి బొత్తిగా లేనివారు ఈ లోకములో ఉన్నారు. వారి సంగతి విన్న తరువాత నొప్పిని మనము పూర్తిగా శత్రువు అనలేము.

నొప్పి మన యింటి కావలివాడు. మంచి కావలివాడు దొంగ వచ్చినప్పుడు కేక వేస్తాడు. కొందరి యింట వాడు నిద్రపోతాడు. కొందరి యింట దొంగ వెళ్ళిపోయినా కేకలు మానడు. ఈ మూడు సంగతులే ఈ సాయంకాలపు నా ప్రసంగము.

చర్మము చేసే పని

పెద్దవారి చర్మమును పరచి కొలిస్తే సుమారు రెండు చదరపు మీటర్లుంటుంది. దాని అడుగున వార్త తెచ్చే నరపు కొనలు లెక్కలేనన్ని ఉన్నవి. అవన్నీ ఒక రకము కావు. తేలికగా తగిలినదానిని పట్టేవి కొన్ని, అదిరేదానిని పట్టేవి కొన్ని, చర్మము సాగినపుడు తెలిపేవి కొన్ని, వేడికి కొన్ని, చల్లదనమునకు కొన్ని, గాయము చేయగల దేనినైనా పట్టేవి కొన్ని.

ఇవి అంతటా ఒకే ఒత్తుగా లేవు. ఇంటికి వెళ్ళి రెండు అగ్గిపుల్లలు పట్టుకొని చూడండి. కళ్ళు మూసుకున్నవారి వేలి కొనమీద రెండు పుల్లలను రెండు మూడు మిల్లీమీటర్ల ఎడముతో ఆనించినా "రెండు" అని చెప్పగలరు. అదే వీపు మీద అయితే సుమారు నాలుగు సెంటీమీటర్ల ఎడమున్నా "ఒకటే" అంటారు. అన్నము ఉడికినదీ లేనిదీ ఒక్క మెతుకు నొక్కి చెప్పే తల్లి, గుడ్డ నాణ్యమును రెండు వేళ్ళ మధ్య నలిపి చెప్పే వర్తకుడు, మణికట్టు పట్టి నాడి చూసే నర్సు, అందరూ ఈ వేలి కొన బలముతోనే పని చేస్తున్నారు. లూయీ బ్రెయిలీ 1824లో అంధుల కొరకు కూర్చిన లిపిలో చుక్కకు చుక్కకు నడుమ ఎడము సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. వేలి కొన చదవగలిగినంత ఎడము అన్నమాట.

ఒక తాకిడి నరములో వార్తగా ఎట్లు మారుతుంది? ఇది చాలాకాలము తెలియలేదు. నరపు కొన గోడలో అతి సూక్ష్మమైన ద్వారములున్నవి. అవి తెరచుకుంటే లవణ కణములు లోపలికి వచ్చి విద్యుత్ సంకేతము పుడుతుంది. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రజ్ఞుడు మిరపకాయలోని కారపు పదార్థముతో పరిశోధించి, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి తెరచుకునే ద్వారమును కనుగొన్నాడు. కారమునకు తెరచుకునేదీ, వేడికి తెరచుకునేదీ ఒకే ద్వారము. మన భాషలో నిప్పు మంటకు, మిరపకాయ మంటకు ఒకే మాట ఉన్నది. గుంటూరు మిరపకాయ దంచిన చేతులకు ఆ మాట ఎంత సరియైనదో తెలుసు. అట్లే పుదీనా పువ్వు, చల్లదనము ఒకే ద్వారమును తెరుస్తాయి. నుదుట అమృతాంజనము రాసుకుంటే చల్లగా అనిపించేది అందుకే. ఒత్తిడికి, తాకిడికి తెరచుకునే ద్వారములను 2010లో ఆర్డెం పటపూషియన్ అనే శాస్త్రజ్ఞుని బృందము కనుగొన్నది. ఈ యిద్దరికి 2021లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది.

వార్త నడిచే దారి

చీకటిలో మంచపు కోడుకు కాలి వేలు తగిలితే ఏమవుతుందో గమనించండి. మొదట చురుక్కుమని ఒక పోటు. ఒకటి రెండు సెకన్లు ఆగి, లోపలినుండి సలుపుతూ రెండవ నొప్పి. వార్త రెండు దారుల వెంట రావటమే దీనికి కారణము. మొదటి వార్తను తెచ్చే నరపు పోగులకు సన్నని తొడుగు ఉంటుంది, అవి సెకనుకు 5 నుండి 30 మీటర్ల వేగముతో తెస్తాయి. రెండవ వార్తను తెచ్చే పోగులకు తొడుగు లేదు, వాటి వేగము సెకనుకు సుమారు ఒక మీటరు, అంటే మనము నడిచి వచ్చే వేగము. ఉత్త స్పర్శను తెచ్చే లావు పోగులు ఈ రెండింటికంటెను వేగము కలవి, సెకనుకు 50 మీటర్లకు అటూ ఇటూ.

కాలే గిన్నెను ముట్టుకుంటే చేయి ముందు వెనక్కు వస్తుంది, "అబ్బా" అనటము తరువాత. చేయి లాగుమనే ఆజ్ఞ మెదడునుండి రాదు, వెన్నుపాములోనే పుడుతుంది. మెదడునకు కబురు వెళ్ళి తీర్పు వచ్చేవరకు ఆగితే వేలు కాలిపోతుంది.

తరువాత ఆ వార్త వెన్నుపాములో అవతలి పక్కకు దాటి పైకి పోతుంది. ఎడమ కాలి నొప్పి కుడి మెదడునకు చేరుతుంది. మెదడు నడుమనున్న థాలమస్ అనే కూడలినుండి అది అనేక చోట్లకు పంచబడుతుంది. ఎక్కడ తగిలినదో, ఎంత గట్టిగా తగిలినదో చెప్పే భాగము వేరు. అది ఎంత దుర్భరముగా ఉన్నదో, ఎంత భయము కలిగించాలో చెప్పే భాగములు వేరు. కెనడా దేశములో మాంట్రియల్ నగరమున వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు మూర్ఛరోగులకు ఆపరేషను చేస్తూ, మెలకువగానున్న రోగి మెదడును స్వల్ప విద్యుత్తుతో తాకి "ఎక్కడ తెలుస్తున్నది?" అని అడిగేవాడు. మెదడునకు స్వయముగా నొప్పి తెలియదు కనుక అది సాధ్యమైనది. రోగి "నా బొటనవేలు", "నా పెదవి" అని చెప్పేవాడు. అట్లు 1937లో ప్రచురించిన పటములో చేతికి, పెదవులకు చాలా చోటు, వీపునకు కొంచెమే చోటు కనబడినది. అగ్గిపుల్లల పరీక్షలో చూచినదే అక్కడా ఉన్నది.

గంట, గంట తాడు

పదిహేడవ శతాబ్దములో డేకార్ట్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త నొప్పిని గంట తాడుతో పోల్చాడు. క్రింద తాడు లాగితే పైన గంట మ్రోగుతుంది, ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా. మన మందిరపు గంటను చూచేవారికి ఇది చక్కగా అర్థమవుతుంది. సుమారు మూడువందల సంవత్సరములు వైద్యలోకము ఇట్లే తలంచినది. కాని మూడు సంగతులు ఈ పోలికకు లోబడవు.

మొదటిది. రెండవ ప్రపంచ యుద్ధములో 1944లో ఇటలీ యుద్ధరంగమున హెన్రీ బీచర్ అనే అమెరికా వైద్యుడు తీవ్రముగా గాయపడిన సైనికులను "నొప్పికి మందు కావాలా?" అని అడిగితే, చాలామంది వద్దన్నారు. అంతటి గాయము మామూలు పౌరునికి తగిలితే మందు కొరకు కేకలు వేస్తాడు. సైనికునికి మాత్రము ఆ గాయము అర్థము వేరు. ప్రాణముతో ఇంటికి పోవచ్చునని అది అతనికి చెప్పినది.

రెండవది. 1995లో బ్రిటిష్ వైద్య పత్రికలో ఇండ్లు కట్టే ఒక పనివాని సంగతి వచ్చినది. అతడు పైనుండి దుమికితే 15 సెంటీమీటర్ల మేకు బూటులోగుండా పైకి వచ్చినది. కొంచెము కదిపినా భరించలేకపోయాడు. మత్తు మందిచ్చి బూటు విప్పితే మేకు రెండు వ్రేళ్ళ సందున పోయినది, కాలికి గీత కూడా పడలేదు. అతడు నటించలేదు. కన్ను చూచిన దానిని బట్టి మెదడు అపాయము తప్పదని తీర్మానించినది, నొప్పి నిజముగానే పుట్టినది.

మూడవది. కాలు తీసివేయబడినవారిలో అనేకులకు లేని కాలు వ్రేళ్ళు సలుపుతాయి. అమెరికా అంతర్యుద్ధములో అవయవములు పోగొట్టుకున్న సైనికులలో సైలస్ వీర్ మిచెల్ అనే వైద్యుడు దీనిని చూచి 1871లో దానికి పేరు పెట్టాడు. తాడు తెగిపోయినది, గంట మ్రోగుతూనే ఉన్నది.

కనుక నొప్పి దెబ్బ తగిలిన చోట తయారై పైకి పోయే సరుకు కాదు. క్రిందినుండి వచ్చేది వార్త. దానిని కంటి సాక్ష్యముతో, పాత జ్ఞాపకములతో, భయముతో, ధైర్యముతో కలిపి చూచి మెదడు నొప్పిని పుట్టిస్తుంది. ఒక్కొక్కసారి చోటు కూడా తప్పు చెబుతుంది. గుండెకు రక్తము అందనప్పుడు ఎడమ చేయి, దవడ లాగటము అట్టిదే. అటువంటప్పుడు "వాయువు" అని జీలకర్ర నమలక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో ఒక తలుపు ఉన్నదని ప్రతిపాదించారు. లావు పోగుల వెంట స్పర్శ వార్త వస్తే ఆ తలుపు కొంత మూసుకొని, సన్న పోగుల నొప్పి వార్త తగ్గుతుంది. మెదడు పైనుండి ఆజ్ఞ పంపి కూడా ఆ తలుపును మూయగలదు. వారు చెప్పిన వివరములలో కొన్ని తరువాత మారినవి గాని అసలు సంగతి నిలిచినది. పడిన బిడ్డ బొప్పిని తల్లి అరచేతితో రుద్ది ఊదుతుంది. రుద్దటము తలుపు మూస్తుంది, తల్లి దగ్గరున్నదనే ధైర్యము పైనుండి మూస్తుంది. 1975లో స్కాట్లండులో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్‌లిట్జ్ అనేవారు నల్లమందువలె పనిచేసే పదార్థములను మెదడే తయారు చేసుకుంటున్నదని కనుగొన్నారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "నొప్పి మెదడులో పుడుతుంది" అంటే "నొప్పి కల్పన" అని కాదు. వెలుగు కూడ మెదడులోనే తెలుస్తుంది. దానిని మనము కల్పన అనము.

కావలివాడు నిద్రపోయిన ఇల్లు

2006లో ఒక పరిశోధన వెలువడినది. ఉత్తర పాకిస్తానులో ఒక బాలుడు వీధిలో గారడి చేసేవాడు. చేతులలో కత్తులు గ్రుచ్చుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. అతనికి నొప్పి తెలియదు. శాస్త్రజ్ఞులు అతనిని చూడబోయే లోపలే, పద్నాలుగు ఏండ్లు నిండకముందే, ఇంటి కప్పు మీదనుండి దుమికి చనిపోయాడు. అతని బంధువుల పిల్లలు కొందరిలో కూడ అదే లోపము కనబడినది. నొప్పి నరములలోని ఒక లవణ ద్వారము వారికి పుట్టుకతోనే పనిచేయదు. ఆ పిల్లలకు పెదవులు, నాలుక కొరుక్కున్న గాయములు, ఎప్పుడు విరిగినవో తెలియని ఎముకలు ఉన్నవి.

ఇది అరుదైనది. కాని మన ప్రాంతములో తరతరములుగా కావలివానిని నిద్రపుచ్చిన వ్యాధి ఒకటి ఉన్నది, కుష్ఠువ్యాధి. దాని క్రిమిని నార్వే దేశమున హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. ఆ క్రిమి చర్మపు చల్లని భాగములలోని నరములలో కాపురముంటుంది. వేళ్ళు, పాదములు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని ప్రజలే కాదు, వైద్యులు కూడా తలంచేవారు. ఈ తలంపును మార్చినవారిలో ముఖ్యుడు డాక్టరు పాల్ బ్రాండ్. తమిళనాడులోని కొల్లి కొండలలో 1914లో మిషనెరీ దంపతులకు పుట్టి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు శస్త్రవైద్యుడుగా వచ్చాడు. ఒకనాడు తుప్పు పట్టిన తాళము తనకు తిరగకపోతే, కుష్ఠురోగియైన ఒక చిన్నవాడు ఒక్క తిప్పుతో తీశాడు. క్రింద రక్తపు చుక్కలు. చూస్తే తాళపు చెవి వాని వేలిని ఎముకవరకు కోసినది, వానికి తెలియదు. కొందరి వ్రేళ్ళు రాత్రికి రాత్రి పోవటము చూచి కాపలా కాస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నవని తేలినది. రోగులకు పిల్లులను ఇచ్చి పంపారు. క్రిమి చేసినది నరమును చంపటము. వేళ్ళను పోగొట్టినది పొయ్యి, ముల్లు, చెప్పు, ఎలుక. బ్రాండ్ చేతి కండరముల దారి మార్చి ముడుచుకున్న వ్రేళ్ళను తెరిపించాడు, పాదములకు మెత్తని రబ్బరు చెప్పులు చేయించాడు.

తరువాత అమెరికాలో ఆయన బృందము యంత్రముతో నొప్పిని తయారు చేయ ప్రయత్నించినది. గట్టిగా నొక్కితే మ్రోగే చేతి తొడుగులు చేశారు. రోగులు ఆ మ్రోతను లక్ష్యపెట్టలేదు. విద్యుత్తుతో చురుక్కుమనిపిస్తే, కావలసిన పని చేసుకొనుటకు దానిని ఆపివేసేవారు. చివరకు ఆ ప్రయత్నము మానుకున్నారు. బాధించని హెచ్చరికను మనిషి వినడు, ఆపగలిగిన హెచ్చరికను ఆపుతాడు.

మన తెలుగు నేలలో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ స్థాపించిన కుష్ఠు వైద్యశాలను మీలో పెద్దవారు ఎరుగుదురు. ఆ కాలములో నిశ్చయమైన మందు లేదు. 1980 దశకము తొలి నాళ్ళనుండి వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో ఆరు నుండి పన్నెండు నెలలలో వ్యాధి నయమవుతున్నది, మందులు ఉచితము. 2005 చివరికి దేశము మొత్తము మీద పదివేల మందికి ఒక్కరికంటె తక్కువకు రోగులు తగ్గారు. అయినను ఏటా సుమారు లక్షమంది కొత్త రోగులు మన దేశములో కనబడుతున్నారు. పాలిపోయి స్పర్శ తెలియని మచ్చ కనబడితే దాచక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించవలెను. కరచాలనముతోను, కలిసి భోజనము చేయటముతోను ఇది అంటదు. మన వివాహములకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టములో కుష్ఠువ్యాధి విడాకులకు కారణముగా ఉండేది. 2019లో ఆ మాటను తీసివేశారు.

నేటి కాలములో కావలివానిని నిద్రపుచ్చే పెద్ద వ్యాధి మధుమేహము. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము ప్రకారము మన దేశములో పదికోట్ల మందికి ఇది ఉన్నది. ఏండ్ల తరబడి చక్కెర అదుపు తప్పితే పొడవైన నరములు ముందు చెడతాయి, అందుచేత పాదములు ముందు మొద్దుబారుతాయి. నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియదు. బొబ్బ లేచినా తెలియదు. "పుండున్నది గాని నొప్పి లేదండీ" అని నిశ్చింతగా చెబుతారు. నొప్పి లేని పుండే ఎక్కువ అపాయము.

దీనికి ఇంటిలో చేయదగిన పరీక్ష ఒకటి ఇంగ్లండులో ఇప్స్‌విచ్ పట్టణపు వైద్యులు చెప్పారు. షుగరు ఉన్నవారిని కళ్ళు మూసుకొని పడుకోమనండి. మీ చూపుడు వేలితో వారి రెండు పాదముల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొనలను ఒక్కొక్కటిగా ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకండి. నొక్కవద్దు, గిలిగింత పెట్టవద్దు. తెలిసినప్పుడు "కుడి" లేక "ఎడమ" అని వారు చెప్పాలి. ఆరింటిలో రెండుగాని అంతకంటె ఎక్కువగాని తెలియకపోతే కావలివాడు కునుకుతున్నాడన్నమాట. వైద్యునికి చూపించండి.

అట్టివారు ప్రతి రాత్రి అరికాళ్ళను అద్దములో చూచుకోవాలి, లేక ఇంటివారు చూడాలి. చెప్పులు, బూట్లు దులిపి తొడగాలి. వేడినీళ్ళను కాలితో పరీక్షించరాదు. కాపడము పెట్టరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. వట్టి కాళ్ళతో నడువరాదు.

దొంగ పోయినా మ్రోగే కేక

ఇప్పుడు మూడవ ఇల్లు. గాయము మానిన తరువాత కూడ మూడు నెలలకు మించి నిలిచే నొప్పిని దీర్ఘకాలపు నొప్పి అంటారు. పదే పదే వార్త వచ్చిన దారిలో నరములు పదునెక్కుతాయి. 1983లో క్లిఫర్డ్ ఉల్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు వెన్నుపాములోనే ఈ మార్పు జరుగుతున్నదని చూపించాడు. అప్పుడు చిన్న తాకిడి కూడ నొప్పిగా తెలుస్తుంది. ఎక్సురేలో, స్కానింగులో ఏమీ ఉండకపోవచ్చును. నొప్పి లేశమైనా లేనివారి స్కానింగులో వయసుతోపాటు డిస్కులు ఉబ్బి కనబడటమూ సాధారణమే. కనుక పటమును చూచి నొప్పిని కొలవలేము.

ఈ స్థితిలో మంచము పట్టటము మేలు చేయదు. కాళ్ళ బలము తగ్గటము, మూత్రము పట్టు తప్పటము, జ్వరము, బరువు తగ్గటము వంటివి లేవని వైద్యుడు చూచి చెప్పిన తరువాత, కొద్దికొద్దిగా నడక పెంచటము, నిద్ర సరిచేసుకోవటము, భయము తగ్గించుకోవటము పనిచేస్తాయి. కేకలు వేసే కావలివానికి దొంగ లేడని మెల్లగా నేర్పటము ఇది. దీనికి వారములు కాదు, నెలలు పడుతుంది.

ఈ నెలలలో వారికి మననుండి వినబడే మాట ఏమిటి? "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయట గదా." "పని తప్పించుకోవటానికి." "విశ్వాసము చాలక." ఈ మూడవ మాట గుడిలో తప్ప మరెక్కడా వినబడదు, అందుకే అది ఎక్కువ గాయపరుస్తుంది. నొప్పిని అధ్యయనము చేసే అంతర్జాతీయ సంఘము తన నిర్వచనమును 2020లో సవరించినప్పుడు, నొప్పియున్నదని మనిషి చెప్పిన మాటను గౌరవించవలెనని, చెప్పలేనంత మాత్రమున నొప్పి లేనట్లు కాదని స్పష్టముగా చేర్చినది.

చెప్పలేనివారి సంగతి తలంచండి. 1980ల వరకు అనేక దేశములలో అప్పుడే పుట్టిన బిడ్డలకు చాలినంత మత్తు లేకుండానే ఆపరేషనులు చేసేవారు. వారికి నొప్పి సరిగా తెలియదని నమ్మేవారు. 1987లో కన్వల్‌జీత్ ఆనంద్ అనే వైద్యుడు ఆక్స్‌ఫర్డులో చేసిన పరిశోధన ఆ నమ్మకమును కూల్చినది. మతిమరుపు వచ్చిన మన తల్లిదండ్రులు కూడ నోటితో చెప్పలేరు. అన్నము మానటము, ముఖము ముడుచుకోవటము, కదిపితే చేయి తోసివేయటము, అదే వారి మాట.

నర్సుగా పనిచేసి తరువాత వైద్యురాలైన సిసిలీ సాండర్స్ 1967లో లండనులో మరణాసన్నుల కొరకు ఒక ఆశ్రమ వైద్యశాల స్థాపించారు. నొప్పిలో శరీరపు భాగము, మనస్సు భాగము, కుటుంబపు చింత, ఆత్మలోని ప్రశ్న కలిసియుంటాయని ఆమె బోధించారు. శరీరపు నొప్పికి మార్ఫిన్ వేళకు ఇచ్చేవారు, మిగిలిన వాటికి కూర్చుండి వినేవారు. ఒకటి చేసి రెండవది మానలేదు.

తాకే చేయి

చివరగా స్పర్శను గూర్చి ఒక సంగతి. వెంట్రుకలుండే చర్మములో తొడుగు లేని సన్నని నరపు పోగులు కొన్ని ఉన్నవి. అవి నొప్పికొరకు కావు. సెకనుకు ఒకటినుండి పది సెంటీమీటర్ల వేగముతో మెల్లగా నిమిరితే అవి ఎక్కువగా స్పందిస్తాయని స్వీడను శాస్త్రజ్ఞులు చూపించారు. తల్లి బిడ్డను నిమిరే వేగము అదే. ఆ వార్త మెదడులో మమత, నెమ్మది తెలిసే భాగమునకు పోతుంది. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరములో పెట్టెలు చాలక, నెలలు నిండని బిడ్డలను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము ఆనించి కట్టటము డాక్టరు ఎడ్గార్ రే ప్రారంభించారు. నేడు అది లోకమంతటా, మన ఆసుపత్రులలోను, వైద్యులు చెప్పే పద్ధతి.

సువార్తలలో కుష్ఠురోగిని ప్రభువు మాటతో మాత్రమే స్వస్థపరచి పంపవచ్చును. ఆయన చేయి చాపి ముట్టెను. ఎంతకాలమునుండియో ఎవరును ముట్టని మనిషికి ఆ ముట్టుట ఎట్టిదో, ఈ నరములను గూర్చి చదివిన తరువాత నాకు మరి కొంత అర్థమైనది.

ఈ శతాబ్ది సంవత్సరమున సంఘమును నేను అడిగేవి మూడు. మొదటిది, మన మందిరములలో చెప్పులు బయట విడుస్తాము. ఏప్రిల్, మే నెలలలో ఆరాధన ముగిసే వేళకు బయట సిమెంటు నేల కాలుతుంటుంది. మొద్దుబారిన పాదములవారు ఆ నేలమీద నిలబడి అందరికీ వందనములు చెబుతారు, రాత్రికి బొబ్బలు లేస్తాయి. వాకిలినుండి చెప్పుల చోటివరకు నీడ వేసి గోనెపట్టాలు పరచండి. షుగరు రోగులు శుభ్రమైన మెత్తని చెప్పులతో లోపలికి వస్తే ఎవరును వారిని ఆపకుండ గురువులు ఒక ఆదివారము ప్రకటించండి. రెండవది, ఈ రాత్రే మీ ఇంటిలో షుగరు ఉన్నవారి ఆరు కాలివేళ్ళను తాకి చూడండి. మూడవది, దర్శనమునకు వెళ్ళే స్త్రీల మైత్రివారు, పెద్దలు నొప్పితో ఉన్నవారి యొద్ద రిపోర్టు అడుగకముందు వారు చెప్పేది వినండి. వారు ఒప్పుకుంటే చేయి పట్టుకొనండి. వాకిట గోనెపట్టాలు కుట్టే బాధ్యత ఎవరు తీసుకుంటారో ఈ కూటము ముగియకముందే పేర్లు ఇస్తే నేను సంతోషిస్తాను.